పాట ముందు ఊపిరి

పొద్దున్న తొమ్మిదింటికి మూడో అంతస్తులో తన గది తాళం తీసి, దీపం వేసి, సంచీ మేకుకి తగిలించాక పాముచెవి చేసే మొదటి పని బల్ల కిందికి వంగి చూడటం. నిన్న కోసిన శబ్దాల్లో ఏదైనా ఊడ్చే అక్క కళ్లు తప్పించుకుని మిగిలిపోయిందేమోనని ఆవిడ బెంగ. ఒక్కోరోజు కుర్చీ కాలి దగ్గర ఒక దగ్గు దొరికేది. ఒక్కోరోజు గోడ మూలన దుమ్ములో ఎవరో కచేరీ మధ్యలో జారవిడిచిన తాళాల గుత్తి గలగల. దాన్ని రెండు వేళ్లతో ఎత్తి, చెవి దగ్గర పెట్టుకుని, ఎవరిదో పోల్చుకుని, కాగితంలో చుట్టి పైన పేరు రాసేది.

పాత రికార్డింగుల్ని శుభ్రం చేసే చోటు అది. టేపు మీంచి కోసేసిన శబ్దం ఎక్కడో ఒకచోట పడాలి కదా, బల్ల కింద పడేది. దర్జీ కొట్లో గుడ్డపీలికలు పడ్డట్టు ఇక్కడ దగ్గులూ తుమ్ములూ కుర్చీల కిర్రుకిర్రులూ పడేవి. ఇందులో వింతేముందని ఎవరూ మాట్లాడుకునేవాళ్లు కాదు. సాయంత్రం ఊడ్చే అక్క చీపురూ చేటా పట్టుకొచ్చి, చేటలో గోల చేసేవాటిని "ఊరుకోండి, ఊరుకోండి, దిగేదాకా ఆగండి" అని కసురుకుంటూ కిందికి తీసుకెళ్లేది.

నియమం ఒక్కటే. పోయినవాళ్ల శబ్దాలు ఊడ్చెయ్యొచ్చు. బతికున్నవాళ్లవి తిరిగి ఇచ్చెయ్యాలి. ఎప్పుడో దగ్గిన దగ్గు కావాలని ఎవరూ రారు, కాబట్టి అవి అరల్లో పడి ఉండేవి. ఊపిరి సంగతి అలా కాదు. ఊపిరి ఎవరిదైతే వాళ్ల చేతికే ఇవ్వాలి, సంతకం తీసుకోవాలి.

పాముచెవి అసలు పేరు మేనేజరు కూడా మర్చిపోయాడు. పక్క గదిలో అగ్గిపుల్ల గీస్తే అది ఎన్నో గీతకి వెలిగిందో చెప్పగల మనిషి గనక ఆ పేరు స్థిరపడిపోయింది. చెవులు ఎంత గట్టివో గుండె అంత పిరికిది. ఇంటికి తాళం వేసి నాలుగు మెట్లు దిగి, మళ్లీ ఎక్కి, లాగి చూసుకుని, వీధి చివరి దాకా వెళ్లాక "లాగానా?" అని ఆగిపోయే రకం. అలాంటి మనిషికి ఈ రెండు నెల్లూ పెద్ద పని తగిలింది. పేరున్న వయొలిన్ విద్వాంసురాలు, అందరూ టీచరుగారనే పిలిచే ఆవిడ, నలభై అయిదేళ్లు వాయించినవాటిలోంచి పద్నాలుగు పాటలు ఏరి ఒకే ఆల్బమ్‌గా తెస్తున్నారు. ఇరవై రెండేళ్లప్పుడు వాయించిన మొదటి రికార్డింగు నుంచి పోయిన ఏడాది వాయించినదాకా అన్నీ అందులో ఉన్నాయి. శుక్రవారం అచ్చుకి వెళ్లాలి.

పాటలు ఇచ్చేటప్పుడే టీచరుగారు ఒక మాట అన్నారు. "పాట మొదలయ్యే ముందు నా ఊపిరి వినపడుతోంది. ముసలిదాని ఆయాసంలా ఉంది. తీసెయ్యండి."

నిజంగానే వినపడుతోంది. పదకొండు పాటల్లో, పాట మొదట్లో ఒకటి, మధ్యలో ఆగి మళ్లీ అందుకునే ప్రతి చోటా ఒకటి, పొడుగ్గా, ముక్కుతో లోపలికి లాగిన ఊపిరి. ఆ ఊపిరి అయిన మరుక్షణం వయొలినూ పియానో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిసి పడేవి. పాముచెవి వాటిని ఒక్కొక్కటే కోసింది. మొత్తం నూట అరవై మూడు. మిగిలిన మూడు పాటలూ టీచరుగారు ఈ పదేళ్లలో ఒక్కరే, పియానో లేకుండా వాయించినవి. వాటిలో కోయడానికి ఒక్క ఊపిరీ దొరకలేదు. వాటంతట అవే శుభ్రంగా ఉన్నాయి కదా, మూడు రోజుల పని తప్పిందని పాముచెవి సంతోషించింది. జీవితంలో కంగారు పడాల్సిన చోట కంగారు పడకుండా ఉన్నది ఆ ఒక్కసారే. అక్కడే దెబ్బతింది.

సోమవారం పదకొండింటికి టీచరుగారు వచ్చారు. సన్నటి పొడుగు మనిషి, అరవై ఏడేళ్లు, వీపు ఇప్పటికీ గోడకి ఆనించి గీత గీసినట్టు నిటారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. నిలబడే పద్నాలుగు పాటల మొదళ్లూ కళ్లు మూసుకుని విన్నారు. మేనేజరు ఆవిడ ముఖం వైపూ, పాముచెవి నేల వైపూ చూస్తూ నిలబడ్డారు.

"అద్దంలా ఉంది," అన్నారు టీచరుగారు చివరికి.

పాముచెవి బరువు దిగినట్టు నవ్వి, అరలోంచి లావుపాటి కవరు తీసి రెండు చేతులతో అందించింది. "మీ ఊపిర్లండి. మొత్తం నూట అరవై మూడు. ఇక్కడ సంతకం చెయ్యండి."

టీచరుగారు సంతకం చేసి, కవరు మూతి విప్పి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. అంతా లోపలికి పోయింది. పాముచెవి హమ్మయ్య అనుకునే లోపే టీచరుగారికి ఒక ఎక్కిలి వచ్చింది. భుజాలు ఎగిరిపడేంత ఎక్కిలి. వెంటనే ఇంకోటి.

"ఎవరో గట్టిగా తలుచుకుంటున్నారండీ మిమ్మల్ని!" అన్నాడు మేనేజరు, మంచినీళ్ల గ్లాసు ఇస్తూ.

"నన్ను తలుచుకునేవాళ్లు ఎవరూ లేరు," అని ఆవిడ గ్లాసు ఖాళీ చేసి, ఎక్కిళ్లు పెడుతూనే మెట్లు దిగి వెళ్లిపోయారు.

మంగళవారం టీచరుగారి ఇంటికి ఫోన్ చేస్తే ఎక్కిళ్లు తగ్గలేదన్నారు. బుధవారం పొద్దున చేస్తే మాట మధ్యలోనే మూడు ఎక్కిళ్లు వినపడ్డాయి. పాముచెవి ఆ రోజు ఇంక టేపు ముట్టలేదు. సాయంత్రం ఊడ్చే అక్క రాగానే పట్టుకుని అడిగింది.

"అక్కా, ఇచ్చిన శబ్దం ఒంటికి పడకపోవడం ఎప్పుడైనా జరిగిందా?"

"ఎందుకు జరగలేదు? పోయినేడు ఒకాయన ఆవలింత తీసుకెళ్లి ఇంకొకాయనకి ఇచ్చారుగా మీవాళ్లు. ఆయనకి తొమ్మిది రోజులు ఎక్కిళ్లు. పరాయిది లోపల ఇమడదమ్మా. ఆవలింత గనక సరిపోయింది."

"అదే ఊపిరి అయితే?"

అక్క చీపురు ఆపింది. "ఊపిరి అయితే కవరు విప్పాక నాలుగు రోజులు. కవరులో ఉన్నన్నాళ్లూ ఏమీ కాదు, విప్పాకే చిక్కు. నాలుగు రోజుల్లో సొంతమనిషికి చేరకపోతే ఆరిపోతుంది. ఇక ఆ మనిషికి..." అని ఆగి, పాముచెవి ముఖం చూసి, మిగతాది చెప్పకుండా చేట ఎత్తుకుంది.

సోమవారం పదకొండింటికి విప్పారు. అంటే శుక్రవారం పదకొండు దాకా. పాముచెవి వేళ్ల మీద లెక్కపెట్టుకుని, నమ్మకం చాలక మళ్లీ లెక్కపెట్టుకుని, బల్ల ముందు కూలబడి, కోయకముందు తీసిపెట్టుకున్న కాపీ వెయ్యబోయింది. అంతలోనే ఆ మూడు ఒంటరి పాటలూ గుర్తొచ్చాయి. ముందు వాటినే వేసుకుని వింది. పాట ముందు నిశ్శబ్దం. ఊపిరి చప్పుడు వెతికినా లేదు. వయొలిన్ మొదటి స్వరం మాత్రం, చెవి ఒగ్గి వింటే గానీ తెలియనంత, బెదిరినట్టు పడింది. టీచరుగారు పాట ముందు ఊపిరి తీసే మనిషే కారు.

అప్పుడు మొదటి రికార్డింగు కాపీ వేసింది. కళ్లు మూసుకుని ఆ ఒక్క ఊపిరినీ ఇరవైసార్లు వింది. నిలబడి వాయించే మనిషి ఊపిరి పైనుంచి రావాలి. ఇది కిందనుంచి వస్తోంది. నడుము ఎత్తులోంచి, కాస్త ఎడమ పక్కనుంచి. కూర్చున్న మనిషి ఊపిరి ఇది. ఇంత తేలికైన సంగతి తన చెవులకి పట్టకపోవడానికి కారణం టేపు డబ్బా మీద ఒక్కరి పేరే ఉండటం. పేరు చూసి విన్నాను గానీ విని పేరు రాయలేదు అనుకుని పాముచెవి తలబాదుకుంది.

"పియానో ఎవరండీ వాయించింది?" అని మేనేజరుని అడిగితే ఆయన తలుపు మూసి వచ్చి మరీ చెప్పాడు. "వాళ్ల వదినగారు. అన్నగారి భార్య. ముప్ఫై నాలుగేళ్లు ఆవిడ వెనకాల వాయించారు. పదకొండేళ్లుగా మాటల్లేవు. నీకు దణ్ణం పెడతాను, టీచరుగారి దగ్గర ఆవిడ పేరెత్తకు."

పేరెత్తక ఎలా? గురువారం పొద్దున్నే పాముచెవి టీచరుగారి ఇంటి తలుపు కొట్టింది. చిన్న ముందుగది, స్వరాల కాగితాలు పెట్టుకునే స్టాండ్లు రెండు, కిటికీ పక్కన వయొలిన్ పెట్టె. టీచరుగారి కళ్ల కింద నల్లగా గుంటలు పడ్డాయి. మూడు రోజులుగా నిద్ర లేదు.

"అవి మీవి కావండి," అంది పాముచెవి గుమ్మంలో నిలబడే. లోపలికొచ్చి కూర్చుంటే ధైర్యం చాలదని భయం. "మీ వదినగారివి. తప్పు నాదే. చూసుకోకుండా మీకు ఇచ్చేశాను."

"నా పాట ముందు ఊపిరి నాది కాకుండా" అని టీచరుగారు ఎక్కిలి మింగి, "ఇంకెవరిదవుతుంది?"

"ఒంటరిగా వాయించిన మూడింటిలో ఒక్కటి కూడా లేదండి."

"వాటిలో అక్కర్లేకపోయింది."

"ఇది కూర్చున్న మనిషి ఊపిరండి. కిందనుంచి వస్తోంది. కావాలంటే వినిపిస్తాను."

టీచరుగారి ముఖం ఎర్రబడింది. "పదకొండేళ్ల కిందట రేడియోలో మా ఇద్దర్నీ కూర్చోబెట్టి అడిగారు. ఎవరూ ఒకటి రెండు అని లెక్క చెప్పకుండా ఇద్దరూ ఒకేసారి ఎలా మొదలుపెడతారని. నేను ఊపిరి తీస్తాను, వదిన అందుకుంటుంది అన్నాను. ఆవిడ పక్కన కూర్చుని 'అలాగా!' అని నవ్వింది. ఊరంతా వినేలా నవ్వింది. ఎందుకు నవ్వావని కారులో అడిగితే ఏం లేదులే అంది. ఇప్పుడు నువ్వొచ్చి" ఎక్కిలి, "నువ్వొచ్చి నాకు ఊపిరి పాఠాలు చెబుతున్నావా?"

పాముచెవికి వెనక్కి తిరిగి వెళ్లిపోదామనిపించింది. రేపు పదకొండు అని గుర్తొచ్చి కాళ్లు కదల్లేదు. ఇంతలో ఫోన్ మోగింది. టీచరుగారు ఎత్తారు. గది చిన్నది, ఆ చెవులు పాము చెవులు, అవతలి మాటలు కూడా వినపడ్డాయి.

"అమ్మాయ్, నేను. అన్నయ్యని."

టీచరుగారు ఫోన్ చెవికి ఇంకా గట్టిగా అదుముకున్నారు.

"వదినకి సోమవారం నుంచి ఊపిరి అందట్లేదమ్మా. పొద్దున పదకొండింటప్పుడు కూరగాయలు తరుగుతూ తరుగుతూ కత్తి కింద పెట్టేసింది. నిన్నటినుంచి రెండు మాటలకోసారి ఆగుతోంది. డాక్టరు ఎక్స్‌రే తీయించాడు. ఊపిరితిత్తులు పాతికేళ్ల పిల్లకున్నట్టున్నాయన్నాడు. మీ ఇంట్లో పాత రికార్డింగులేమైనా శుభ్రానికి ఇచ్చారా అని అడిగాడు. ఆవిడ పేరు మీద ఏమున్నాయి చెప్పు, ఉన్నవన్నీ నీ పేరు మీదేగా. అందుకే నిన్ను అడుగుతున్నా."

టీచరుగారు "వస్తున్నాను" అని పెట్టేశారు. పాముచెవి వైపు తిరిగి, "ఎలా తిరిగిస్తారు? చెప్పు," అన్నారు. గొంతులో కోపం ఆరిపోయింది.

"వచ్చిన దారినే పోవాలండి. పాట మొదలయ్యే చోట. మీరు వయొలిన్ పట్టుకుని ఆవిడ ముందు నిలబడాలి. ఆవిడ ఊపిరి తీసేదాకా మీరు ఆగాలి. ఆవిడ తీసినప్పుడు మీలో ఉన్నవి అటు పోతాయి."

"ఆగాలి," అన్నారు టీచరుగారు, మందు పేరు గుర్తుపెట్టుకుంటున్నట్టు. పెట్టె అందుకున్నారు.

కారులో ప్రతి సిగ్నల్ దగ్గరా పాముచెవి గడియారం చూసుకుంది. ఇంకా ఇరవై గంటల పైన టైముందని తెలిసినా చూసుకుంది. వంతెన దాటాక టీచరుగారు అడిగారు.

"రేపు పదకొండు దాటితే?"

"ఆరిపోతాయండి."

"ఆరిపోతే వదిన?"

పాముచెవి కిటికీలోంచి బయటికి చూసింది. టీచరుగారు ఒడిలో ఉన్న పెట్టెని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నారు. 

అన్నగారిది కింది వాటా. తలుపు ముందే తీసి ఉంది. లోపల వదినగారు కిటికీ పక్క కుర్చీలో, వీపుకి మూడు దిండ్లు పెట్టుకుని కూర్చున్నారు. గుండ్రటి మనిషి, ఏ బాధా లేనప్పుడు బాగా నవ్వే ముఖం. పెదాలు మాత్రం పాలిపోయి ఉన్నాయి. అన్నగారు చేతిలో గరిటె మర్చిపోయి, దాన్ని అలాగే పట్టుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నారు.

"వచ్చావా... అమ్మాయ్," అన్నారు వదినగారు.

"ఇలా చిక్కిపోయావేంటి?" అన్నారు టీచరుగారు. పదకొండేళ్ల తర్వాత మొదటి మాట అది. దాని వెనకాలే ఎక్కిలి వచ్చింది.

వదినగారు ఆ ఎక్కిలి విని, పాముచెవి వైపూ వయొలిన్ పెట్టె వైపూ చూసి, విషయం అర్థం చేసుకున్నారు. "నావి... నీకిచ్చారా?" అని నవ్వబోయి దగ్గుతో ఆపేశారు. అన్నగారూ పాముచెవీ చెరో రెక్కా పట్టుకుని ఆవిడని పియానో స్టూలు దాకా నడిపించారు. పియానో మీద ఇస్త్రీ బట్టలు, మందుల పెట్టె, చదివేసిన పేపర్లు. అవన్నీ అన్నగారు చేతికందినట్టు కింద పడేసి మూత ఎత్తారు.

టీచరుగారు వయొలిన్ భుజానికి ఆనించి, కమాను ఎత్తి నిలబడ్డారు. మొదటి రికార్డింగులోని పాటే వాయించాలని ఇద్దరూ చెప్పుకోకుండానే అనుకున్నట్టున్నారు. వదినగారి వేళ్లు వాటి చోటికి వెళ్లాయి.

"మీరు ఆగాలండి," అంది పాముచెవి గోడకి అతుక్కుని.

టీచరుగారు ఆగారు. వదినగారి భుజాలు కాస్త లేచాయి. లేచినవి అక్కడే ఆగి, కిందికి దిగిపోయాయి. గొంతులో పిల్లి కూత లాంటి చప్పుడు తప్ప ఏమీ రాలేదు. మళ్లీ ప్రయత్నించారు. ఈసారి భుజాలు కూడా లేవలేదు. వేళ్లు మీటల మీదికి బరువుగా వాలి, అడ్డదిడ్డంగా నాలుగైదు స్వరాలు మోగాయి. అన్నగారు "వద్దులే, వద్దులే" అంటూ ముందుకొచ్చారు.

పాముచెవికి అప్పుడు తట్టింది. ఊపిరి తిరిగివ్వాలంటే ఆవిడ ఊపిరి తీయాలి. తీయడానికి ఆవిడ దగ్గర లేదు. ఉన్నదంతా తనే కోసి, చుట్టి, సంతకం తీసుకుని మరీ ఇంకొకరికి ఇచ్చేసింది. ఇది తను ముందే ఆలోచించి ఉండాల్సింది. ఏడుపొచ్చింది. ఆపుకోవాలని కూడా అనిపించలేదు.

"ఏడవకమ్మా," అన్నారు వదినగారు. తర్వాత మరదలి వైపు తిరిగారు. "మొదటి రోజు... గుర్తుందా? స్టూడియోలో... ఎర్ర దీపం... వెలిగింది."

టీచరుగారు తల ఊపారు.

"నువ్వు... కట్టెలా... నిలబడిపోయావు. ఊపిరి... బిగబట్టేశావు. వాళ్లు... లోపలినుంచి... చూస్తున్నారు. ఇంక నేను... పీల్చాను. నీ చెయ్యి... కదిలింది." వదినగారు అక్కడ చాలాసేపు ఆగారు. "అప్పట్నుంచి... అలవాటైపోయింది. అంతే. అందుకే... రేడియోలో... నవ్వొచ్చింది."

"చెప్పొచ్చుగా," అన్నారు టీచరుగారు.

"చెబితే... నువ్వు వాయించగలవా?"

టీచరుగారు కమాను దించారు. ముఖంలో ఎప్పుడూ ఉండే బింకం పోయింది. "నాకు భయం వదినా," అన్నారు. "ఆ రోజు ఒక్కటే కాదు. ప్రతిసారీ. తెర లేచిన ప్రతిసారీ ఇవాళ చెయ్యి రాదేమో అనే భయం. నీ ఊపిరి వినపడితేనే కదిలేది. అది నాదేనని చెప్పుకున్నాను. చెప్పుకుని చెప్పుకుని నమ్మేశాను. ఈ పదకొండేళ్లూ ఒక్కదాన్నే ఎలా వాయించానో నాకే తెలుసు. కళ్లు మూసుకుని, లోయలోకి దూకినట్టు దూకేదాన్ని."

"ఇప్పుడో?"

"ఇప్పుడూ భయమే. నువ్వు పోతావేమోనని భయం."

వదినగారు తల ఊపారు. మళ్లీ చేతులెత్తి మీటల మీద పెట్టుకున్నారు. "నా దగ్గర... లేదు. నువ్వే... తియ్యి."

"నాకు రాదు."

"నేనూ... ఆ రోజే... నేర్చుకున్నా."

 వంటింట్లో పొయ్యి మీద ఏదో మరుగుతోంది, దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు. టీచరుగారు వయొలిన్ మళ్లీ భుజానికి ఎత్తుకున్నారు. కమాను తీగెల మీద ఆనింది. అక్కడే ఉండిపోయింది. ఒక ఎక్కిలి, రెండు ఎక్కిళ్లు, మూడు. చెమట చెంప మీదుగా గడ్డం దాకా దిగింది. పాముచెవి ఆవిడ పెదాలనే చూస్తూ, దేవుడా దేవుడా అని లోపల అనుకుంటూ ఉంది.

అప్పుడు టీచరుగారు ఊపిరి తీశారు. అందమైన ఊపిరి కాదు అది. ముక్కూ నోరూ రెండూ కలిపి, బొంగురుగా, చాలాసేపు నీళ్లలో మునిగిన మనిషి పైకి తేలినట్టు పెద్ద చప్పుడుతో తీశారు. పాముచెవి చెవులకి మొదటిసారిగా పాట ముందు ఊపిరి పైనుంచి, నిలబడ్డ మనిషి ఎత్తులోంచి వినపడింది. దాని మీద వదినగారి చేతులు పడ్డాయి. వయొలినూ పియానో ఒక్కసారే మొదలయ్యాయి.

మొదలవడం మాత్రమే కలిసి జరిగింది. తర్వాత అంతా గందరగోళమే. పదకొండేళ్లు ఇస్త్రీ బట్టలు మోసిన పియానో శ్రుతి తప్పి ఉంది. వదినగారి ఉంగరపు వేలు సరిగ్గా వంగలేదు. టీచరుగారు ఒకచోట పరుగు పెట్టి, ఇంకోచోట తడబడి, మూడో చరణంలో ఒక వరుస మొత్తం ఎగరగొట్టారు. ఆ పాట అంత అధ్వానంగా వాయించడం ఇద్దరూ పుట్టాక ఇదే మొదలు. ఆగి అందుకున్న ప్రతిచోటా మాత్రం టీచరుగారే ముందు ఊపిరి తీశారు. తీసిన ప్రతిసారీ ఆవిడలోంచి పరాయిది ఒకటి వదులై, కిందికి, స్టూలు వైపు పోవడం పాముచెవికి స్పష్టంగా వినపడింది. లెక్కపెట్టడానికి మొదలుపెట్టి, ముప్ఫై దగ్గర లెక్క తప్పింది. ఆ తర్వాత గుంపులు గుంపులుగా పోయాయి. పాట సగానికి వచ్చేసరికి వదినగారి భుజాలు లేవడం మొదలుపెట్టాయి. చివరి వరుసకి వచ్చేసరికి పెదాలకి రంగొచ్చింది.

పాట అయిపోయింది. టీచరుగారు వచ్చే ఎక్కిలి కోసం ఎదురుచూశారు. రాలేదు. అన్నగారు గరిటె ఛాతీకి హత్తుకుని నిలబడ్డారు. అందరూ వదినగారి వైపే చూస్తున్నారు. ఆవిడ స్టూలు మీద ఇటు తిరిగి, చేతులు నడుముకి పెట్టుకుని, మరదల్ని ఎగాదిగా చూశారు.

"ఏమే, మూడో చరణంలో ఆ పరుగేంటి, నిన్నెవరైనా తరుముతున్నారా, ఆ వరుస అంతా మింగేస్తే నేను వెనకాల ఎవరితో వాయించాలి, గోడతోనా, ముప్ఫై నాలుగేళ్లు నా ఊపిరి మీద బతికి అది ముసలిదాని ఆయాసంలా ఉందని కోయిస్తావా, నీకు కోయించాలనిపిస్తే నన్నొక్క మాట అడగాలని తోచలేదా, పదకొండేళ్లు ఒక ఫోన్ లేదు, మీ అన్నయ్య కంటి ఆపరేషన్‌కి రాలేదు, వీధి చివర కచేరీ పెట్టుకుని గుమ్మం ముందునుంచే కారులో వెళ్లిపోయావు, నేను కిటికీలోంచి చూశాను, నీలం కోటు వేసుకున్నావు, అది నీకు నప్పలేదు, భయమేస్తే భయమేస్తోందని చెప్పడానికి అరవై ఏడేళ్లు కావాలా మనిషికి, ఆ ఆల్బమ్ రేపు కాకపోతే వచ్చే నెల వస్తుంది, కొంపలేమీ మునగవు, ఈ అమ్మాయిని కంగారు పెట్టి ఎంత ఏడిపించావో చూడు, అందులో ఏం ఉండాలో ఏం తీసెయ్యాలో ఇద్దరం కూర్చుని మొదట్నుంచి వింటాం, ఏమండీ, ఆ గరిటె పట్టుకుని అక్కడ నిలబడతారేం, పొయ్యి మీద మాడిపోతోంది, వాసన రావట్లా?"

మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఒక్క ఊపిరిలో అంతా అనేశారు. అన్నగారు వంటింట్లోకి పరిగెత్తారు, అక్కడినుంచి ఆయన వెక్కి వెక్కి ఏడవడం వినపడింది. మాటకి మాట చెప్పకుండా ఎప్పుడూ ఉండని టీచరుగారు తలవంచుకుని అన్నీ విన్నారు. చివరికి ఒక్క మాటే అన్నారు.

"అవును వదినా."

"అవునూ గివునూ తర్వాత," అన్నారు వదినగారు పియానో వైపు తిరిగి. "వయొలిన్ ఎత్తు. మళ్లీ మొదట్నుంచి."

టీచరుగారు అలవాటు కొద్దీ ఆవిడ భుజాల వైపు చూస్తూ ఎదురుచూశారు.

"నా వైపు చూస్తావేంటి? ఇకనుంచి నువ్వే తియ్యాలి."

టీచరుగారికి భయమేసింది. ఊపిరి తీశారు.